రాని వాద్యం నేర్పిన గురువు

ఉప్పలపు శ్రీనివాస్‌కు మాండలిన్ మీద కర్ణాటక సంగీతం నేర్పిన గురువుకు మాండలిన్ వాయించడం రాదు. రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. పాలకొల్లులో క్లారినెట్ వాయించే సత్యనారాయణ గారి ఆరేళ్ల కొడుకు ఇంట్లో ఉన్న మాండలిన్ తీసి మీటడం మొదలుపెట్టాడు. తండ్రి ఓనమాలు దిద్దించాడు. ఆ పైన సుబ్బరాజు గారు పాడేవారు, పిల్లవాడు విని ఆ సంగతి తీగల మీద ఎక్కడుందో వెతుక్కునేవాడు. ఫలానా గమకాన్ని ఏ వేలితో ఎంత లాగాలో వాయించి చూపడానికి ఆ గురువు దగ్గర చేయి లేదు, గొంతే ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో ఆ అబ్బాయి మొదటి కచేరీ చేశాడు. 1981లో మద్రాసు విన్నది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం విన్నది. అప్పటికి అతనికి పద్నాలుగేళ్లు.

ఈ కథను సాధారణంగా బాలమేధావి కథగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఎక్కువ ఆలోచించదగిన మనిషి గురువు. తనకు రాని వాద్యాన్ని నేర్పడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అంతకన్నా విచిత్రం, ఆ రాకపోవడమే శిష్యుడికి మేలు చేసిందనిపించడం. ఆ రోజుల్లో మాండలిన్ అంటే సినిమా పాటల్లో వినిపించే ఆ తళతళే, ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెట్టే పద్ధతే. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది కాబట్టి ఆ పద్ధతి పుట్టింది. మంచి మాండలిన్ విద్వాంసుడెవరైనా గురువుగా దొరికి ఉంటే, ముందుగా ఆ పద్ధతినే పిల్లవాడి చేతికి ఎక్కించేవాడు. గొంతుకు ఆ పద్ధతితో పనిలేదు. అది ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతుంది, ఊగుతుంది, ఆగుతుంది. దాన్ని అనుకరించబోయిన మాండలిన్‌కు తన స్వభావాన్నే మార్చుకోక తప్పలేదు. జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే వాద్యాన్ని శ్రీనివాస్ అయిదు విడి తీగలకు దించాడు. స్వరం ఆరిపోకుండా నిలవడానికి విద్యుత్తు సాయం తీసుకున్నాడు. ఈ పరాయి వాద్యానికి కర్ణాటక కచేరీ వేదిక మీద ఏం పని అని అనుమానించినవాళ్లు ఉన్నారు. అతని తోడి రాగం విన్నాక ఆ అనుమానానికి నిలబడే చోటు దొరకలేదు.

దీన్నిబట్టి అజ్ఞానమే మంచి గురువని తేల్చడం తొందరపాటు. సుబ్బరాజు గారికి సంగీతం నిండుగా తెలుసు, తెలియనిది ఒక్క వాద్యం. ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీ పిల్లవాడి భాగానికి వచ్చింది. ఆ ఖాళీని ఎవరూ పూరించి పెట్టలేదు కాబట్టి అతనే పూరించుకున్నాడు, పూరించినది అతనిదే అయింది.

ఇక్కడ ఒక తేదీ గుర్తుకొస్తుంది. శ్రీనివాస్ పుట్టింది 1969 ఫిబ్రవరి 28న. సరిగ్గా పది రోజుల ముందు, ఫిబ్రవరి 18న, న్యూయార్క్‌లోని ఒక స్టూడియోలో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'ఇన్ ఎ సైలెంట్ వే' రికార్డు చేశాడు. ఇంగ్లండు నుంచి అమెరికాకు అప్పుడే వచ్చిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే యువకుడు అందులో గిటారు వాయించాడు. అతను కంగారుగా ఉన్నాడు. ఎదురుగా ఉన్నది చిన్నప్పటి నుంచి ఆరాధించిన మనిషి. ఏం వాయించాలో తోచక చూస్తుంటే, గిటారు వాయించడం రానివాడిలా వాయించమని మైల్స్ అన్నాడట. ఈ సంగతి మెక్‌లాఫ్లిన్ ఆ తరవాత ఎన్నో చోట్ల చెప్పుకున్నాడు. వచ్చిన విద్యనంతా పక్కన పెట్టి, అతి సరళంగా, తడుముకుంటున్నట్టుగా అతను వాయించిన ఆ స్వరాలే రికార్డులో నిలిచాయి. ఆ మెక్‌లాఫ్లినే ఆ పైన ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు, జాజ్‌నూ భారతీయ సంగీతాన్నీ కలిపే 'శక్తి' బృందాన్ని కట్టాడు. మూడు దశాబ్దాలు గడిచాక 'రిమెంబర్ శక్తి'లో అతని పక్కన కూర్చుని మాండలిన్ వాయించినవాడు పాలకొల్లు శ్రీనివాస్.

పది రోజుల తేడాకు అర్థం అంటగట్టనక్కర్లేదు. కానీ ఆ ఇద్దరినీ ఒకే వేదిక మీద విన్నప్పుడు నాకు ఒక సంగతి స్పష్టపడుతుంది. ఒకడు చేతికి వచ్చినది మరిచిపోవడం నేర్చుకున్నాడు. రెండోవాడికి మరిచిపోవడానికి చేతి విద్యంటూ ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరూ చేరింది ఒకే చోటికి. అక్కడ వేళ్లు చెవి మాట వింటాయి.

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఉండేవాళ్లకు ఈ సంగతి ఆలోచించడానికి కారణాలు బాగానే దొరుకుతాయి. నాగపూర్ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ దారిలో శామీర్‌పేట, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. ఒకప్పుడు చెరువుల కింద పొలాలుగా ఉన్న నేల మీద ఇప్పుడు బిట్స్ పిలానీ ప్రాంగణం, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, గేటెడ్ కాలనీలు, అపార్ట్‌మెంట్లు. ఏ అపార్ట్‌మెంటుకు వెళ్లినా ఒకటి రెండు కీబోర్డులు, మూడు నాలుగు గిటార్లు కనిపిస్తాయి. పిల్లలు శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. వాళ్ల ముందు ఫోను ఉంటుంది. అందులో ప్రపంచంలోని గొప్ప వాద్యకారులందరూ ఉంటారు, వేగం సగానికి తగ్గించి చూడవచ్చు, ఏ వేలు ఏ మెట్టు మీద పడిందో రంగు వెలిగి చూపిస్తుంది. సుబ్బరాజు గారి దగ్గర లేనిదంతా అక్కడ ఉంది. పిల్లలు గొంతు వినకముందే వేలు చూస్తున్నారు. వేలు దొరికింది కాబట్టి గొంతు కోసం వెతకాల్సిన అవసరం కలగడం లేదు.

అనుకరణ తప్పని నేను అనుకోను. జాజ్ చరిత్ర అంతా అనుకరణల చరిత్రే. కాన్సాస్ సిటీలో సాక్సోఫోన్ వాయించే చార్లీ పార్కర్ పదహారేళ్లవాడిగా ఉన్నప్పుడు, 1936లో, పెద్దవాళ్ల మధ్య వాయించబోయి తడబడ్డాడు. డ్రమ్ముల ముందున్న జో జోన్స్ సింబల్ అనే ఇత్తడి తాళం తీసి అతని కాళ్ల దగ్గరికి విసిరాడు. మరుసటి వేసవిలో పార్కర్ ఒజార్క్ కొండల్లోని ఒక విడిదికి బృందంతో వెళ్తూ లెస్టర్ యంగ్ వాయించిన రికార్డులు వెంట తీసుకుపోయాడు, వాటిని వల్లె వేశాడు. తిరిగి వచ్చినవాడు వేరే మనిషి. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. తక్కువగా పట్టించుకునేది ఏమిటంటే, యంగ్ వాయించింది టెనర్ సాక్సోఫోన్, పార్కర్ చేతిలో ఉన్నది ఆల్టో. శ్రుతి వేరు, ఊపిరి వేరు, గొంతు వేరు. పోనీ ఆ లెస్టర్ యంగ్ ఎవరిని విని నేర్చుకున్నాడు? ఫ్రాంకీ ట్రంబావర్‌ను. ఆయన వాయించింది సీ-మెలొడీ అనే మరో రకం సాక్సోఫోన్. ఆ లేత ధ్వనిని టెనర్ మీద రాబట్టాలని ప్రయత్నించానని యంగే చెప్పుకున్నాడు. గురువు వాద్యం ఒకటి, శిష్యుడి వాద్యం మరొకటి. వరసగా ఇద్దరు తమ చేతిలో లేని వాద్యం నుంచి నేర్చుకున్నారు.

ఎర్ల్ హైన్స్ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. తండ్రి కార్నెట్ వాయించేవాడు, కొడుకూ ఆ దారినే పోవాలనుకున్నాడు. ఊదితే చెవుల వెనక నొప్పి పుట్టేది. చేసేది లేక పియానోకు మారాడు. కానీ కార్నెట్ మీది కోరిక చావలేదు. కుడిచేత్తో ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి మోగిస్తూ, ట్రంపెట్ పలికినట్టు పియానోను పలికించాడు. దాన్ని ట్రంపెట్ శైలి పియానో అన్నారు. 1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, హైన్స్ ఇద్దరే కూర్చుని 'వెదర్ బర్డ్' రికార్డు చేసినప్పుడు, వినేవాడికి ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలియదు. ఊదలేకపోయినవాడు ఊదేవాడికి సమఉజ్జీ అయ్యాడు.

నారుమడిలో ఉన్నంతకాలం నారు పచ్చగా, చూడముచ్చటగా ఉంటుంది. పీకి వేరే మడిలో నాటితేనే అది వరి అవుతుంది. పీకేటప్పుడు వేరుకు తగిలే దెబ్బ తప్పదు. ఒక వాద్యంలోని సంగీతాన్ని మరో వాద్యంలోకి తెచ్చేటప్పుడు కూడా ఏదో తెగుతుంది, ఏదో కొత్తగా పట్టుకుంటుంది. అదే వాద్యం నుంచి అదే వాద్యంలోకి తెచ్చుకుంటే ఏమీ తెగదు. అంతా యథాతథంగా వస్తుంది, వచ్చిన చోటే ఆగిపోతుంది.

యథాతథంగా తెచ్చుకోమని బలవంతపెట్టిన సందర్భం కూడా ఒకటి ఉంది. 1934లో లెస్టర్ యంగ్ ఫ్లెచర్ హెండర్సన్ బృందంలో చేరాడు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు కోల్మన్ హాకిన్స్, బరువైన, నిండైన ధ్వనికి పెట్టింది పేరు. యంగ్ ధ్వని పలచగా ఉందని తోటివాళ్లు సణిగారు. హెండర్సన్ భార్య రోజూ పొద్దున్నే హాకిన్స్ రికార్డులు పెట్టి వినిపించేదట, ఇతనూ అలా వాయిస్తాడేమోనని. ఆవిడ ఉద్దేశం మంచిదే. హాకిన్స్ గొప్పవాడు కాడని ఎవరూ అనలేదు, యంగ్ కూడా అనలేదు. కొద్ది నెలలకే అతను బృందం విడిచి వెళ్లిపోయాడు. గొప్పవాళ్లను విని నేర్చుకోవడానికి, గొప్పవాళ్లలా అయిపోవడానికి మధ్య ఉన్న దూరం ఆ పొద్దుటి పూటల్లో అతనికి బాగా అర్థమై ఉంటుంది.

గొప్పవాళ్ల శైలులు చాలావరకు జవాబులు. ప్రశ్న తెలియకుండా జవాబు ఎత్తి రాసుకుంటే ఉపయోగం తక్కువ. మైల్స్ డేవిస్ 1945లో, పందొమ్మిదేళ్ల వయసులో, పార్కర్ బృందంలోకి వచ్చాడు. అది డిజ్జీ గిలెస్పీ నిలబడిన చోటు. గిలెస్పీ అందుకున్న ఎత్తులు, ఆ వేగం మైల్స్‌కు అందలేదు. ట్రంపెట్ మధ్యస్థాయిలో నిలబడి, తక్కువ స్వరాలతో, వణుకు లేని నిటారు ధ్వనితో అతను మాట్లాడాడు. ఆ వణుకు వద్దని చిన్నప్పుడే ఎల్వుడ్ బుకానన్ అనే మాస్టారు చెప్పి ఉన్నాడు. 1959 నాటి 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డుకు వచ్చేసరికి అతను వదిలేసిన చోట్లే అతని సంతకమయ్యాయి. తరవాత తరం ఆ నిశ్శబ్దాన్ని నేర్చుకోబోయింది. వాయించగలిగి ఆపుకున్న స్వరం వెనక లేకపోతే ఆ విరామం ఊరికే ఖాళీగా వినిపిస్తుంది. శ్రోతకు తేడా తెలిసిపోతుంది, ఎలా తెలుస్తుందో చెప్పడం మాత్రం కష్టం.

పరిమితికి జవాబుగా పుట్టిన శైలి మరొకటి ఉంది. జాంగో రైన్‌హార్ట్ 1928లో తన బండికి అంటుకున్న మంటల్లో ఎడమచేతి రెండు వేళ్ల వాడకం పోగొట్టుకున్నాడు. మిగిలిన రెండు వేళ్లతో, తీగల వెంట నిలువునా పరిగెత్తే కొత్త పద్ధతి పట్టి గిటారు చరిత్ర మార్చాడు. ఇలాంటి కథ చెప్పుకునేటప్పుడు కొంచెం జాగ్రత్త కావాలి. మంట ఎవరికీ కళ ఇవ్వదు. చాలామందికి అది కాల్చిన గాయాన్నే మిగుల్చుతుంది. రెండు వేళ్లను అనుకరిస్తూ మిగతా వేళ్లు ముడుచుకుని అభ్యాసం చేసిన గిటారిస్టులు ఉన్నారు. అదొక మంచి వ్యాయామం. కానీ జాంగో ఆ రెండు వేళ్లనూ ఎంచుకోలేదు, వాటితో ఏం చేయాలన్నది మాత్రమే ఎంచుకున్నాడు.

మన దగ్గర ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని తలుచుకోవచ్చు. చిన్నతనం నుంచి చూపు మందం. బడి చదువు సాగలేదు, అన్నగారి దగ్గర వయొలిన్ సాగింది. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల తెరిచినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళ్లారనీ, ఆయన వాయించింది విన్న ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు ఆచార్యుడిగా నియమించారనీ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడు గారికి ఇరవై ఆరేళ్లు. కచేరీల్లో పక్కవాద్యంగా గాయకుడి వెనక నడిచే వయొలిన్‌ను ఆయన ముందుకు తెచ్చి కూర్చోబెట్టారు. 1952లో మద్రాసులో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన్ని విని ముగ్ధుడయ్యాడు. వయొలిన్ పుట్టిన ఖండపు సంగీతంలో పెరిగినవాడు తన వాద్యం ఇలా కూడా పలుకుతుందని ఇక్కడ విన్నాడు. నాయుడు గారి కమానులో ఉన్నది కూడా గొంతే. త్యాగరాజ కృతి వాయిస్తుంటే సాహిత్యం వినిపిస్తుందని పెద్దలు అనేది ఊరికే మెచ్చుకోలు కాదు. సాహిత్యం లేని వాద్యం మీద సాహిత్యం పలికించాలంటే, ఎక్కడ కమాను ఆగాలో మాట నిర్ణయించాలి, చేతి సౌకర్యం కాదు.

ఇదే పనిని రోజూ చేస్తున్నవాళ్లు మా దగ్గర ఉన్నారు, సంగీతం గురించి మాట్లాడుకునేటప్పుడు వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. ముహూర్తాల రోజుల్లో మేడ్చల్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్ల ముందు వాయించే బ్యాండు మేళం వాళ్లు. ట్రంపెట్, క్లారినెట్, సాక్సోఫోన్, డ్రమ్ములు. న్యూ ఓర్లీన్స్ వీధుల్లో ఊరేగింపు బ్యాండ్ల చేతుల్లో ఉన్నవి కూడా ఇవే, జాజ్ మొలిచింది వాటి మధ్యనే. ఘంటసాల పాటను, సుశీల పాటను ఆ క్లారినెట్ మనిషి కాగితం చూసి వాయించడు. విన్న గొంతును ఊపిరిలోకి తెచ్చుకుంటాడు. సుశీల గారు మెత్తగా జారే చోట అతను పెదవితో జారతాడు, కొన్నిసార్లు అక్కడ ఆవిడ పాడని మలుపొకటి వచ్చి చేరుతుంది. బరాత్ కదలకుండా ఆగినప్పుడు, పెళ్లికొడుకు స్నేహితులు ఇంకోసారి, ఇంకోసారి అంటున్నప్పుడు, అదే చరణం నాలుగోసారి వచ్చేసరికి అది సినిమా పాటగా మిగలదు. ఆ పక్కనే తీన్‌మార్ దరువు ఉంటుంది. దాని మూలం మర్ఫా. హద్రమౌత్ అరబ్బులు, నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వికదళంగా పనిచేసిన సిద్దీలు తెచ్చి ఈ నగరానికి ఇచ్చిన లయ. ఆ సిద్దీల దళం ఉన్న చోటే ఇప్పటి ఏసీ గార్డ్స్. ఆఫ్రికా నుంచి పడమరకు వెళ్లిన లయ జాజ్‌లో చేరింది, తూర్పుకు వచ్చిన లయ మన బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో చేరింది. డీజే పెట్టెలు వచ్చాక ఆ మేళాలకు పిలుపులు తగ్గాయి. బాధ కలిగించే విషయం అది. డీజే పెట్టె ఘంటసాలను ఘంటసాలగానే వినిపిస్తుంది, అందులో ఎవరికీ కొత్తగా ఏమీ కుదరదు.

కచేరీలకు దూరంగా జరిగి నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. సోనీ రోలిన్స్ 1959లో, పేరు బాగా వెలుగుతున్న రోజుల్లో, వేదికలు మానేశాడు. తనకు తాను నచ్చడం లేదన్నదే కారణం. ఇంట్లో వాయిస్తే పక్కింట్లో గర్భవతికి ఇబ్బందని న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి వెళ్లి సాక్సోఫోన్ సాధన చేశాడు. రైళ్లు, కార్లు, పడవల హోరులో అతనికి ఏకాంతం దొరికింది. ఎంత ఊదినా ఎవరికీ అడ్డం కాదు, ఎవరూ వినడం లేదు. 1961లో తిరిగి వచ్చాడు. ఆ తరవాతి రికార్డుకు 'ద బ్రిడ్జ్' అనే పేరు పెట్టాడు. కొత్త శైలి ఏదో తెస్తాడని ఎదురుచూసిన విమర్శకులకు అతను పెద్దగా మారినట్టు కనిపించలేదు. అదే శైలి, ఇంకా లోతుగా ఉంది, అంతే. మార్పు కోసం వెళ్లినవాడు తనలాగే తిరిగి రావడం ఓటమి కాదని నేను నమ్ముతాను. ఆ రెండేళ్లు అతను ఎవరినీ అనుకరించలేదు, తనను కూడా.

శ్రీనివాస్ జీవితం ఇందుకు తలకిందులు. అతనికి వేదిక నుంచి తప్పుకునే వ్యవధి లేదు, తొమ్మిదేళ్లకే వేదిక ఎక్కాడు. బాలమేధావిని మెచ్చుకునేవాళ్లు సగం అతని వయసును మెచ్చుకుంటారు. ఆ వయసు నిలవదు. అది పోయాక మిగిలేది ఎంత అన్న పరీక్ష ప్రతి బాలమేధావికీ ఎదురవుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. అతను ఆగలేదు. 1998లో పద్మశ్రీ వచ్చేనాటికి, 'రిమెంబర్ శక్తి'తో దేశదేశాలు తిరిగేనాటికి, అతన్ని పిల్లవాడిగా ఎవరూ వినడం లేదు. ఏ జాజ్ వేదిక మీద కూర్చున్నా అతను వాయించింది జాజ్ కాదు, కర్ణాటక సంగీతమే. ఎదుటివాడి మాటకు తన భాషలో బదులిచ్చాడు. మెక్‌లాఫ్లిన్ కూడా అతని నుంచి కోరుకున్నది అదే. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు. నలభై అయిదేళ్లే.

మేడ్చల్, శామీర్‌పేటల్లో పిల్లలకు కీబోర్డు, గిటారు చెప్పిస్తున్న తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఫోను తీసేయమని అడగడం లేదు. దానికి తోడుగా ఇంకొకటి చేర్చమని మాత్రం అడుగుతున్నాను. మీ ఇంట్లోనో పక్కింట్లోనో బాగా పాడే పెద్దావిడ ఎవరో ఒకరు ఉంటారు. వారానికి ఒకసారి ఆవిడ చేత ఒక పాట పాడించండి, దాన్ని వాద్యం మీద వెతుక్కొమ్మని పిల్లలకు చెప్పండి, ఎక్కడుందో మీరు చూపించకండి. పెళ్లికి బ్యాండు మేళాన్ని పిలిచినప్పుడు క్లారినెట్ ఆయన్ని ఒక పావుగంట కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లలను దగ్గరికి పిలిచి విననివ్వండి. ఆ పావుగంటకు డబ్బు విడిగా ఇవ్వండి.